తూనీగ అత్తారిల్లు

తాయారు కట్టింది రాకెట్టు. దానికి పెళ్ళి కూడా చెయ్యాలని ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

మరీ పెద్ద రాకెట్టేం కాదు. ఒక తాటిచెట్టంత పొడుగు, ఇద్దరు మనుషులు చేతులు కలిపి కౌగిలించుకోగలిగినంత లావు. పేరు తూనీగ. దాని తలకాయలో కొబ్బరికాయల బుట్టంత ఉపగ్రహం ఒకటి ముడుచుకుని కూర్చుంది. ఫోను అందనంత దూరం వేటకు పోయిన పడవలు ఆపదలో పిలిస్తే, పైనుంచి విని ఒడ్డుకు చెప్పడం దాని పని. తాయారు ఉద్యోగమంతా ప్రభుత్వ ప్రయోగశాలలో ఇంధనాలు కలపడంతో గడిచింది. రిటైరయ్యాక నెల్లూరు తీరంలో మూతబడ్డ రొయ్యపిల్లల షెడ్డు ఒకటి తీసుకుని, జిలానీ అనే ఇంజనీరును తోడు పెట్టుకుని, ఉన్నదంతా ఊడ్చి ఈ ఒక్కదాన్ని నిలబెట్టింది.

ఇక ఎగరడమే తరువాయి. కానీ దాని కడుపులో ఉన్నది రబ్బరులాంటి గట్టి ఇంధనం. దానికీ వయసుంటుంది. ముదిరితే బీటలు వారుతుంది. బీటలు వారిన ఇంధనం మండదు, పేలుతుంది. ఈ వానాకాలం దాటితే తూనీగ ఇక ఎగరదని, ఇసకలో గొయ్యి తీసి పూడ్చిపెట్టడమేనని జిలానీ ఒకరోజు ఆమె మొహం చూడకుండా చెప్పాడు. అప్పట్నుంచీ తాయారుకు మబ్బు పట్టినప్పుడల్లా గుండె దడ. చేపల గంప నెత్తిన పెట్టుకుని షెడ్డు ముందునుంచి పోయే మస్తానమ్మ ఆ దడను ఇంకాస్త ఎగదోసేది.

"ఏందమ్మా తాయారమ్మా, ఇంకా పంపలేదా? మావోళ్ళు దినామూ సముద్రం మీదికి పోతానే ఉండారు. ఇది మాత్రం పోదే."

పోవాలంటే అనుమతి కావాలి. అనుమతి ఇచ్చేది ప్రైవేటు అంతరిక్ష ప్రోత్సాహక, నియంత్రణ ప్రాధికార సంస్థ. ఆ సంస్థంతా ఒకటే మేడ. కింది అంతస్తు ప్రోత్సాహక విభాగం, పై అంతస్తు నియంత్రణ విభాగం. కిందివారి పని ప్రైవేటువారిని ముందుకు తొయ్యడం, పైవారి పని వెనక్కి లాగడం. రెండు బలాలూ సమానంగా ఉంటే రంగం నిలకడగా ఉంటుందని హాల్లో పాలరాతి మీద చెక్కించారు. మార్కండేయులుగారు ప్రోత్సాహక సంచాలకులు. నియంత్రణ సంచాలకుల పోస్టు ఖాళీగా ఉండడంతో దాని పూర్తి అదనపు బాధ్యతలు కూడా ఆయనకే అప్పజెప్పారు. భోజనాల వేళదాకా ఆయన కింద కూర్చుని ప్రోత్సహిస్తారు. భోజనమయ్యాక పైకెళ్ళి నియంత్రిస్తారు. మహా నిజాయితీపరుడు. పొద్దున తెలిసిన సంగతి మధ్యాహ్నం వాడుకోరు. పొద్దున తాను రాసిన ఉత్తరాన్ని అటెండరు చెంచయ్య మధ్యాహ్నం పైకి తెచ్చిస్తే, ఎవరు రాశారో అన్నట్టు కవరు చింపి, కళ్ళజోడు సర్దుకుని, తప్పులు వెతుకుతూ చదువుతారు.

ఇక నియమం సంగతి. మన నేల మీంచి లేచింది ఎక్కడ పడ్డా, ఎవరి నెత్తిన పడ్డా, జవాబు చెప్పుకోవాల్సింది ప్రభుత్వమే. కాబట్టి లేవకముందే దాని బాధ్యత ప్రైవేటువారి చేతిలోంచి ప్రభుత్వం చేతిలోకి మారాలి. ఎలా మారాలో తెలుసుకోవడానికి ఒక కమిటీ నాలుగు దేశాలు తిరిగొచ్చింది. ఆ దేశాల్లో కాగితం మీద సంతకం తప్ప మరే పద్ధతీ లేదని, అది మన సంస్కృతికి చాలదని నివేదించింది. ఒక ఇంట పుట్టి పెరిగినదాన్ని ఇంకో ఇంటికి శాశ్వతంగా పంపి, ఆపైన మంచిచెడ్డలకు ఎవరు పూచీయో పదిమంది ఎదుట తేల్చే పద్ధతి మన దగ్గర వేల ఏళ్ళుగా ఉండగా, పరాయివాళ్ళను అడగడమెందుకని కమిటీ ప్రశ్నించింది. ఆ ప్రశ్నే ప్రయోగ సంస్కార నియమావళి అయింది. ప్రోత్సాహక విభాగం ఆడపెళ్ళివారు. నియంత్రణ విభాగం మగపెళ్ళివారు. ప్రైవేటు సంస్థ, అంటే తాయారు, "కన్యాపక్షపు శ్రేయోభిలాషి".

తాయారు నియమావళిని మూడుసార్లు చదివింది. ఏదో ఒక పేజీలో ఇదంతా మాటవరసకని రాసి ఉంటుందని ఆమె ఆశ. రాసి లేదు.

మొదట పెళ్ళిచూపులు. ఆ పొద్దున మార్కండేయులుగారు ఆడపెళ్ళివారి తరఫున షెడ్డుకొచ్చి, నేల కడిగించి, తూనీగ తోకదగ్గర నూనె మరకలు తుడిపించి, అడిగినదానికే జవాబు చెప్పాలని, జిలానీని ఎక్కువ మాట్లాడనివ్వద్దని తాయారుకు జాగ్రత్తలు చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. మధ్యాహ్నం మగపెళ్ళివారుగా అదే కారులో దిగి, షెడ్డు ఎక్కడో తెలియనట్టు దారి అడిగారు. తాయారు మళ్ళీ కాఫీ ఇచ్చింది. ఆయన తూనీగ చుట్టూ రెండుసార్లు తిరిగి, పొడుగు కాస్త తక్కువన్నారు. రంగు ఫరవాలేదన్నారు. గొంతు వినాలన్నారు. రాకెట్టుకు గొంతు ఒక్కసారే వస్తుందని తాయారు సర్దిచెప్పింది.

"అయితే ఒకసారి ఎగిరి చూపించమనండి," అన్నారాయన.

"ఎగిరితే మళ్ళీ రాదు సార్," అన్నాడు జిలానీ.

"చూసుకోకుండా ఎలా చేసుకుంటామండీ? రేపు ఏదైనా అయితే నియంత్రణ విభాగం ఏం చూసి ఒప్పుకుందని అడగరూ?"

చివరికి తూనీగను పట్టాల బండి మీద షెడ్డు ఈ చివరనుంచి ఆ చివరకు తోశారు. ఆయన బండి చప్పుడు జాగ్రత్తగా విని, నడక బాగుందని రాసుకున్నారు. ఇంటికెళ్ళి కబురు చేస్తామని చెప్పి వెళ్ళారు. మర్నాడు పొద్దున కింద కూర్చుని, కబురు రాలేదని దిగులుపడ్డారు.

కబురు వచ్చాక ఎదుర్కోలు. మగపెళ్ళివారు దిగి వస్తుంటే ఆడపెళ్ళివారు మేళతాళాలతో ఎదురెళ్ళి, మెడలో దండ వేసి, పానకం ఇవ్వాలి. మగపెళ్ళివారు పై అంతస్తునుంచి దిగాలి కాబట్టి చోటు మెట్లమీద అని తేలింది. ఇద్దరూ ఒక్కరే కావడం చిన్న ఇబ్బంది. మార్కండేయులుగారు దానికీ దారి కనిపెట్టారు. పొద్దున ఆడపెళ్ళివారుగా మెట్లెక్కి, మలుపు దగ్గర కుర్చీ వేసి, కుర్చీకి దండవేసి, పానకం గ్లాసు దానిముందు పెట్టి, నమస్కారం చేసి దిగిపోయారు. మధ్యాహ్నం మగపెళ్ళివారుగా పైనుంచి దిగి, కుర్చీ మీది దండ తీసి మెడలో వేసుకున్నారు. చెంచయ్య పన్నీరు చల్లాడు. ఆయన గ్లాసెత్తి చూస్తే పొద్దుటి పానకం నిండా చీమలు.

ఆయన గ్లాసు దించి, దండ తీసి, మారుమాట లేకుండా పైకెళ్ళిపోయారు. తలుపు వేసుకున్నారు. మగపెళ్ళివారు అలిగారు.

అలక తీరేదాకా ఫైలు కదలకూడదని నియమావళి. అలక తీర్చాల్సింది ఆడపెళ్ళివారు. ఆడపెళ్ళివారు పొద్దున బొబ్బట్లు పట్టుకుని బతిమాలడానికి పైకెళ్తే మగపెళ్ళివారి కుర్చీ ఖాళీ. మధ్యాహ్నం మగపెళ్ళివారు గోడవైపు తిరిగి కూర్చుని ఎదురుచూస్తే బతిమాలేవారు రారు. రోజులు గడిచినకొద్దీ ఉక్రోషం పెరిగింది. ఆడపెళ్ళివారికి మర్యాద తెలియదని మధ్యాహ్నమూ, వచ్చినప్పుడల్లా మొహం చాటేస్తున్నారని పొద్దునా మార్కండేయులుగారు బాధపడ్డారు. రెండుపూటలా ఆ బాధ వినలేక చెంచయ్య సెలవు పెట్టాడు.

ఈలోగా జిలానీ తూనీగ పొట్టమీద పరికరం ఆనించి పరీక్షించాడు. ఇంకా బీట లేదు. కానీ ఒకచోట ఇంధనం రాకెట్టు లోపలి గోడను వదలడానికి చూస్తోంది.

మార్కండేయులుగారు మధ్యాహ్న భోజనం ఏ అంతస్తులోనూ చెయ్యరని తాయారుకు చెంచయ్య ఒకప్పుడు చెప్పాడు. పక్షపాతం అంటారని మెట్ల మలుపులో బెంచీ మీద కూర్చుని తింటారట. ఆమె మస్తానమ్మ చేత చేపల పులుసు పెట్టించి, క్యారియరు పట్టుకుని సరిగ్గా ఆ వేళకు వెళ్ళింది.

"సార్, ఈ అరగంటలో తమరు కింద కూర్చోరు, పైనా కూర్చోరు. అంటే ఇద్దరూ ఇక్కడే ఉన్నట్టేగదా. మాట్లాడుకోండి," అంది.

ఆయన ముద్ద చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించారు. తర్వాత బెంచీలో ఎడంవైపు జరిగి, కుడివైపు చూసి, పొరపాటైందన్నారు. కుడివైపు జరిగి మొహం తిప్పుకున్నారు. ఇంకోసారి ఎడంవైపు జరిగి గడ్డం పట్టుకుని బతిమాలారు. గడ్డం తనదే. తాయారు మర్యాదకు గోడ మీది అగ్నిమాపక సూచనలు చదువుతూ నిలబడింది. పులుసు అయిపోయేవేళకు రాజీ కుదిరింది. ప్రయోగంనాడు పదినుంచి వెనక్కి లెక్కపెట్టే హక్కు మగపెళ్ళివారిదే అయ్యేటట్టు ఒప్పుకున్నారు.

ముహూర్తం పెట్టారు. షెడ్డుముందు పందిరి వేశారు. మంత్రుల తరఫున సందేశాలు చదివారు. ప్రైవేటు రంగం మన ఆడపడుచువంటిదని ఒక సందేశంలో ఉంది. ఆఖరిఘట్టం అప్పగింతలు. వధువు చేతులు పాలలో ముంచి అత్తమామల చేతుల్లో పెట్టడం ఆచారం. తూనీగకు చేతులు లేవు కనుక తోక దగ్గరి రెక్కకు పాలు రాశారు. మార్కండేయులుగారు కుడిచేత్తో ఆ రెక్క పట్టుకుని తన ఎడమచేతిలో పెట్టాలి. పెట్టబోయి ఆగిపోయారు. అంతకు కొద్ది నెలల క్రితమే ఆయన ఒక్కగానొక్క కూతుర్ని పెళ్ళిచేసి కాకినాడ పంపారని అక్కడ అందరికీ తెలుసు. కుడిచెయ్యి వదలడం లేదు. ఎడమచెయ్యి అందుకోవడం లేదు.

"కళ్ళలో పెట్టుకు చూసుకోండి బావగారూ," అన్నారు గద్గదంగా, తనతోనే. "మా ఇంట గట్టిగా ఒక మాట అనిపించుకుని ఎరగదు."

పందిట్లో ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. ఇది ఉత్త ఇనుమూ రబ్బరూ అని తాయారుకు తెలుసు. తెలిసి కూడా ఏడ్చింది. జిలానీ సంతకాలు తీసుకున్నాడు. బాధ్యత ప్రభుత్వం చేతికి మారింది. ఇక సముద్రం ఒడ్డున ఉన్న ప్రయోగపు గద్దె దాకా లాగి నిప్పంటించడమే.

తూనీగను ఎక్కించుకున్న లారీ గద్దెవైపు తిరగలేదు. ఊరివైపు తిరిగింది.

తాయారు పరుగెత్తుకెళ్ళి అడ్డం నిలబడింది. అప్పటికి భోజనాల వేళ దాటింది. మార్కండేయులుగారు కళ్ళు తుడుచుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు.

"అప్పగింతలయ్యాక పిల్ల ఎక్కడికి వెళ్తుందండీ? అత్తవారింటికి. అత్తవారిల్లంటే నియంత్రణ విభాగం."

ఆకాశం సంగతి ఏమిటని ఆమె అడిగింది. కొత్తకోడలు వచ్చీరాగానే ఊళ్ళు తిరగడమేమిటని, నాలుగురోజులు ఇంటి పద్ధతులు తెలుసుకోనివ్వండని ఆయన మందలించారు.

తూనీగను క్రేనుతో ఎత్తి సంస్థ మేడమీద నిలబెట్టారు. గుమ్మంలో హారతిచ్చారు. పిడుగుపాటు కడ్డీ పాతదైపోయిందని, కొత్తకోడలు పొడుగ్గా ఉందికదాని, తీగ తీసి దాని ముక్కుకు చుట్టారు. అంతకంటే అపాయం ఇంకోటి ఉండదని జిలానీ గోలపెట్టి ఆ తీగ విప్పించాడు. చూడ్డానికి బడిపిల్లలు వరసలు కట్టి వచ్చారు. సంస్థ ప్రగతి నివేదికలో "ఒక రాకెట్టును భూమికి నలభై అడుగుల ఎత్తున విజయవంతంగా నిలిపితిమి" అని అచ్చయింది. తాయారు రోజూ మధ్యాహ్నం వెళ్ళి, పిల్లను చూసుకోవాలని పైకి పంపమని అడిగేది. మాటిమాటికీ పుట్టింటివారు వస్తుంటే కోడలికి ఇల్లు అలవాటు కాదని చెప్పి తిప్పి పంపేవారు. ఆమె కిందనుంచి మెడ వెనక్కి వాల్చి తూనీగ ముక్కు మాత్రం చూసి వచ్చేది. నైరుతి మబ్బులు ఆ ముక్కుకు ఆనుతున్నట్టే ఉండేవి.

జ్యేష్ఠం చివరికొచ్చింది. ఒకరోజు ఆమె మధ్యాహ్నం కాకుండా పొద్దున వెళ్ళింది. కింది అంతస్తులో మార్కండేయులుగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. పిల్ల లేక షెడ్డు బోసిపోయి ఉంటుందేమో అన్నారు. అవునంది. నియమావళిలో అప్పగింతల తర్వాత ఏం రాసి ఉందని ఆమె అడిగింది. ఏమీ లేదని, మిగిలినవన్నీ లోకాచారం ప్రకారమని ఒక వాక్యం ఉందని ఆయన చెప్పారు.

"మరి ఆషాఢానికి పిల్లను పుట్టింటికి పిలవరా సార్?"

ఆయన తలెత్తారు. మొహం ఎర్రబడింది. ఆమాత్రం మాట తనకు తట్టనందుకు సిగ్గు, అవతలివారు తమంతట తాము పంపనందుకు కోపం. వెంటనే పైకి ఉత్తరం రాశారు. "కొత్తకోడలు ఆషాఢమాసమున అత్తవారి గడపలో ఉండుట లోకవిరుద్ధమని తమవంటి పెద్దలకు మేము చెప్పవలసివచ్చుట కడు శోచనీయము." మధ్యాహ్నం ఆ ఉత్తరం పైన చదివి మార్కండేయులుగారు పళ్ళు కొరికారు. కొరికినా చెయ్యగలిగింది లేదు. నియమం నియమమే. పసుపూ కుంకుమా పెట్టి, ఆషాఢం వెళ్ళినమర్నాడే పంపాలని షరతు రాసి, తూనీగను దించి పంపారు. మగపెళ్ళివారు ఆ నెలంతా పుట్టింటి గడప తొక్కరాదు కనుక నియంత్రణ విభాగం వారెవరూ షెడ్డువైపు రాకూడదని కూడా ఆయనే ఉత్తర్వు ఇచ్చుకున్నారు.

షెడ్డులోకి వచ్చిన తూనీగను జిలానీ మళ్ళీ పరీక్షించాడు. గోడను వదిలినచోటు వెడల్పయింది. ఇంకా బీటలేదు. వారమో పదిరోజులో అన్నాడు. తాయారు మర్నాడు పొద్దున్నే మార్కండేయులుగారి దగ్గరికెళ్ళి, పిల్ల ఇంట్లో ముడుచుకుని కూర్చుందని, కాస్త బయటికి పంపాలని ఉందని అడిగింది. ఎక్కడికని ఆయన అడగలేదు.

"మన పిల్ల మన ఇంట్లో ఉన్నప్పుడు ఎక్కడికెళ్తే ఎవరికి చెప్పాలండీ? అక్కడ ఎలాగూ కాలు కదపనిచ్చి ఉండరు," అని ఆడపెళ్ళివారి హోదాలో ఆకుపచ్చ సిరాతో సంతకం చేశారు.

ఆ సంతకంతో తూనీగ గద్దె ఎక్కింది. ఆ తెల్లవారి మస్తానమ్మ పడవలన్నిటినీ ఒడ్డున ఆపించింది. మబ్బు విడింది. అన్నీ సిద్ధమయ్యాక జిలానీకి ఒక అనుమానం వచ్చింది. వెనక్కి లెక్కపెట్టే హక్కు మగపెళ్ళివారికి రాసిచ్చారు. వాళ్ళేమో గడప తొక్కకూడదు.

"ముందుకు లెక్కపెడదాం," అంది తాయారు.

ముందుకు లెక్కపెట్టే పని మస్తానమ్మ తీసుకుంది. చేపలు కొలిచేటప్పుడు లెక్కపెట్టినట్టే ఒకటికి బదులు లాభం అని మొదలెట్టి, రెండు, మూడు అంటూ పదిదాకా పెట్టింది. పదికి ఇసక అదిరింది. తూనీగ గొంతు విన్నారు. తాయారు దానితో చెప్పాలని చాలా అనుకుంది. నోరు తెరిచేసరికి పొగ మాత్రం ఉంది, తర్వాత సముద్రం మాత్రం ఉంది. ఆమె ఖాళీ గద్దెను తడిమి చూసింది. వేడిగా ఉంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె షెడ్డులోకెళ్ళి, పట్టాల మీద బోసిగా ఉన్న బండిని ఊరికే ఈ చివరనుంచి ఆ చివరకు తోసింది.

మర్నాడు పేపర్లన్నీ రాశాయి. పొద్దున మార్కండేయులుగారు కింద స్వీట్లు పంచారు. మధ్యాహ్నం పైన ఎవరూ ఆ ఊసెత్తలేదు. నియంత్రణ విభాగానికి ఆ సంగతి అధికారికంగా తెలియదు.

శ్రావణం వచ్చిన మొదటిరోజు మధ్యాహ్నం ఆయన కోడల్ని తీసుకుపోవడానికి వచ్చారు. చెంచయ్య వెనక రెండు పళ్ళాలు మోసుకొచ్చాడు. పళ్ళు, పసుపుకుంకుమ, తూనీగ చుట్టుకొలతకు సరిపోయే చీర. ఆయన షెడ్డులో ఖాళీ బండిని చూసి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చూశారు. ఇక అయిపోయిందనుకుంది తాయారు. కేసులు పెడతారు, షెడ్డు మూయిస్తారు, జిలానీని కూడా లాగుతారు. కుర్చీ వేసింది. కాఫీ ఇచ్చింది. అలా కూర్చోగా కూర్చోగా సాయంత్రమయింది. చెంచయ్య గడియారం చూసి, ఆఫీసు మూసే వేళ దాటిందని, తాను బస్సుకు పోవాలని పళ్ళాలు కింద పెట్టి వెళ్ళిపోయాడు.

మార్కండేయులుగారు ఒక్కరే మిగిలారు. కిందా కాదు, పైనా కాదు. ఏం చెయ్యాలో తెలియని మనిషిలా చీర మడత సర్దుతూ కూర్చున్నారు.

మూల బల్లమీద జిలానీ రేడియో కిచకిచమంది. ఆయన ఉలిక్కిపడ్డారు.

"అదే," అంది తాయారు. "పైనుంచి పోతోంది."

ఆయన లేచి బల్లదగ్గరికెళ్ళి వంగి విన్నారు. చాలాసేపు విన్నారు.

"అక్కడ చలెక్కువటగా," అన్నారు.

"ఎక్కువే. ఎండ తగిలేవైపు కాచుకుంటుంది."

"తిండి?"

"ఎండే తింటుంది సార్. రెక్కలు విప్పుకుని."

నిన్న దుగరాజపట్నం అవతల ఇంజను ఆగిపోయిన పడవ ఒకటి పిలిస్తే విని చెప్పిందని, మస్తానమ్మ మరిది ఇంటికొచ్చి అన్నం తిన్నాడని జిలానీ అన్నాడు. ఆయన తల ఊపారు. కిచకిచ సన్నబడి, గరగరలో కలిసి, ఆగిపోయింది. ఆయన ఇంకా వంగే ఉన్నారు.

"వెళ్ళిపోయిందా?"

"దిగంతం కిందికి దిగింది. రేపు పొద్దున మళ్ళీ మన మీదనుంచే పోతుంది."

ఆయన నడుము ఎత్తి, చీర పళ్ళెం తీసుకుని ఖాళీ బండిమీద పెట్టారు. చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగారు.

"అయితే రేపు వస్తానండీ," అన్నారు. "పొద్దునైతే నేను మనవైపువాణ్ణే."